ఇద్దరు కలిసి ఇంట్లో ఎలక్ట్రానిక్ పాట పూర్తి చేయడం ఎలా?

"ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి?" అని అడిగేవారిని నేను ముందు ఒక మాట అడుగుతాను: మీ కంప్యూటర్‌లో సగంలో ఆగిపోయిన పాటలు ఎన్ని ఉన్నాయి? జవాబు తరచూ రెండంకెల్లోనే ఉంటుంది. పదహారు సెకన్ల మంచి బీటు, దాని మీద ఒక మెలోడీ ముక్క, ఆ తర్వాత ఏమీ లేదు. ఇద్దరైతే పని తేలికవుతుందని స్నేహితుణ్ణి పిలుస్తారు. తీరా చూస్తే ఒకరు మౌస్ పట్టుకుని కిక్ డ్రమ్ (బీటు అడుగున పడే బరువైన దెబ్బ) ఎంచుకుంటూ ఉంటారు, రెండోవారు మంచం మీద కూర్చుని ఫోను చూసుకుంటూ ఉంటారు. గంట తర్వాత టీ. టీ తర్వాత మళ్లీ కిక్ డ్రమ్.

రెండు సాయంత్రాలు, ఒక ఆదివారం కేటాయించండి. మూడు నిమిషాల పాట ఒకటి ఫైలుగా చేతికి రావాలి. బాగుందా లేదా అన్నది తర్వాతి పాట సంగతి.

కావలసినవి

- కంప్యూటర్ ఒకటి. 8 జీబీ ర్యామ్ ఉంటే ఇబ్బంది లేదు.
- వైరున్న హెడ్‌ఫోన్లు రెండు జతలు, రెండింటినీ ఒకే రంధ్రానికి తగిలించే చిన్న స్ప్లిటర్. బ్లూటూత్ హెడ్‌ఫోన్లు వద్దు. మీట నొక్కాక శబ్దం చెవికి చేరేసరికి 100 నుంచి 200 మిల్లీసెకన్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ ఆలస్యమవుతుంది. నిమిషానికి 120 బీట్ల వేగంలో ఒక బీటు నిడివే 500 మిల్లీసెకన్లు. అందులో మూడో వంతు ఆలస్యానికి పోతే లయ నిలవదు.
- పాట కట్టే సాఫ్ట్‌వేర్. నా సలహా రీపర్: 60 రోజులు పూర్తిస్థాయిలో వాడి చూడవచ్చు, ఆ తర్వాత లైసెన్సు కొనాలి. మ్యాక్ ఉన్నవారికి గ్యారేజ్‌బ్యాండ్ ఉచితం. ఎల్‌ఎంఎంఎస్ పూర్తిగా ఉచితమే గానీ దాని 1.2 వెర్షన్ మైకు నుంచి రికార్డు చేయదు, ఆడాసిటీలో రికార్డు చేసి తెచ్చుకోవాలి. ఎఫ్‌ఎల్ స్టూడియో ట్రయల్‌లో పాట కట్టవచ్చు, సేవ్ చేయవచ్చు, కానీ ఆ ప్రాజెక్టును తిరిగి తెరవలేరు. ఇది తెలియక కంప్యూటర్ ఆపేసి ఏడ్చినవారిని చూశాను.
- సింథ్ (స్వరాలు పుట్టించే సాఫ్ట్‌వేర్ వాయిద్యం) ఒకటి. రీపర్‌తో పెద్దగా వాయిద్య శబ్దాలు రావు కాబట్టి ఇది తప్పనిసరి. సర్జ్ ఎక్స్‌టీ ఉచితం, వైటల్‌లోనూ ఉచిత వెర్షన్ ఉంది. ఒక్కటే ఎంచుకోండి. ఇద్దరి కంప్యూటర్లలోనూ అదే ఉండాలి.
- 25 మీటల మిడి కీబోర్డు (కంప్యూటర్‌కు తగిలించే పియానో మీటల పలక) ఉంటే హాయి. లేకపోతే కంప్యూటర్ కీబోర్డే మీటలుగా పనిచేస్తుంది.
- శబ్దాలు రికార్డు చేయడానికి ఫోను.

దొంగ కాపీ ప్లగిన్ల (పాట సాఫ్ట్‌వేర్ లోపల తెరుచుకునే, సింథ్‌లాంటి అదనపు పరికరాల) గురించి నీతి చెప్పను. ఒక్క ఇబ్బంది చెబుతాను: మీ దగ్గర పలికిన ప్లగిన్ మీ జోడీ కంప్యూటర్‌లో పలకదు, పాట అక్కడే ఆగిపోతుంది.

1. ముందు పనులు పంచుకోండి

ఫోనులో 20 నిమిషాల టైమర్ పెట్టండి. ఒకరిది మౌస్, ఒకరిది చెవి. మౌస్ పట్టుకున్నవారు చేస్తారు, రెండోవారు తెర వైపు చూడకుండా వింటారు. టైమర్ మోగగానే కుర్చీలు మారాలి, పని మధ్యలో ఉన్నా సరే. "ఇంకొక్క నిమిషం" అన్నవారు టీ పెట్టాలి.

తెర చూడకుండా వినమనడం వేళాకోళం కాదు. రంగురంగుల గడులు వరుసగా కనిపిస్తుంటే పాట బాగున్నట్టే అనిపిస్తుంది. కన్ను పక్కకు తప్పుకుంటేనే చెవికి విసుగు తెలుస్తుంది. ఒంటరిగా చేసేవారికి లేని సౌకర్యం ఇదే, ఇద్దరున్నందుకు దీన్ని వదులుకోవద్దు.

అభిప్రాయం తేడా వస్తే పది నిమిషాలకు మించి వాదించవద్దు. రెండు రకాలుగానూ చేసి, రెండు పేర్లతో సేవ్ చేసి, మర్నాడు వినండి. అలాగే పాట మీద ఎవరి వాటా ఎంతో మొదటి రోజే ఒక మెసేజ్‌లో రాసి, రెండోవారి చేత "సరే" అనిపించుకోండి. పాట నలుగురికీ నచ్చాక మొదలుపెట్టే లెక్కలు స్నేహానికి మంచివి కావు.

2. ఆలస్యం సరిచేయండి

రీపర్ ఆడియో సెట్టింగుల్లో శాంపిల్ రేటు (శబ్దాన్ని సెకనుకు ఎన్నిసార్లు కొలవాలో) 48000, బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతకు పోగుచేసే శబ్దపు ముక్క) 256 పెట్టండి. 256 అంటే సుమారు 5.3 మిల్లీసెకన్లు. శబ్దం చిటపటలాడితే 512కు పెంచండి. విండోస్ వాడేవారు మామూలు డ్రైవరు బదులు, ఆలస్యం తగ్గించే ఏసియో డ్రైవరు ఎంచుకోవాలి. ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకును, హెడ్‌ఫోన్లను కంప్యూటర్‌కు కలిపే పెట్టె) ఉంటే దానితో వచ్చినది, లేకపోతే ఉచితంగా దొరికే ఏసియో4ఆల్.

ఎలా తనిఖీ చేయాలి? మెట్రోనోమ్ (టిక్ టిక్‌మని వేగం చెప్పేది) 100 మీద పెట్టి, ఒకే మీటను పదహారు బీట్లు నొక్కి రికార్డు చేయండి. పెద్దది చేసి గీతల పక్కన చూడండి. నోట్లన్నీ ఒకే దూరంలో జరిగి ఉంటే తప్పు సెట్టింగులది. ఒకటి ముందుకు, ఒకటి వెనక్కు చెల్లాచెదురుగా ఉంటే తప్పు చేతిది. మొదటిదానికి బఫర్, రెండోదానికి సాధన.

3. లయ కట్టండి

వేగం 120, ప్రతి బీటు మీద ఒక కిక్, రెండో బీటు మీద, నాలుగో బీటు మీద చప్పట్ల శబ్దం. ఇది ఎవరైనా చేసేదే, ఐదు నిమిషాల పని. అసలు రుచి దీని మీద ఏం వేస్తారన్నదానిలో ఉంది.

తీన్మార్ ఊపుకు దగ్గరగా రావాలంటే గ్రిడ్‌ను (తెర మీద బీట్లను ముక్కలు చేసే గీతలను) ట్రిప్లెట్‌కు మార్చండి, అంటే ప్రతి బీటు మూడు ముక్కలవుతుంది. తిస్రం అన్నమాట. కిక్‌ను అలాగే ఉంచి, డప్పు దెబ్బల్లాంటి పొడి శబ్దాలను ఆ మూడింటి మీద సర్దండి. చాలామంది చేసే పొరపాటు, గ్రిడ్ నాలుగు ముక్కల్లోనే ఉంచి తిస్రాన్ని చేత్తో వాయించి, క్వాంటైజ్ (నోట్లను దగ్గరి గీత మీదికి జరిపేది) నొక్కేయడం. దెబ్బలన్నీ పక్క గీతకు అతుక్కుని ఊపు చచ్చిపోతుంది.

ఇంకొంచెం సాహసం చేయాలనుంటే మిశ్ర చాపు తాళం. తకిట, తకధిమి: మూడు, నాలుగు, మొత్తం ఏడు. ఈ ఏడింటినీ అర బీట్లుగా తీసుకుని హైహ్యాట్ (డ్రమ్ సెట్‌లో చిట్ చిట్‌మనే జంట తాళాల శబ్దం) మీద వేయండి. కింద కిక్ మాత్రం ప్రతి బీటుకూ మామూలుగానే నడవాలి. మొదటి ఆవర్తనం (ఏడింటి ఒక చుట్టు) ముగిసేచోట కిక్, హైహ్యాట్ ఎడబాస్తాయి. రెండో ఆవర్తనం పూర్తయ్యేసరికి, అంటే పద్నాలుగు అర బీట్లకు, ఏడు కిక్‌లు పడి రెండూ మళ్లీ సమం (ఆవర్తనం మొదటి దెబ్బ) మీద కలుస్తాయి. నాట్యమాడేవాళ్ల కాలు తప్పదు, వినేవాళ్ల చెవి నిద్రపోదు. మొదట నోటితో తకిట తకధిమి అంటూ, చేత్తో బల్ల మీద కిక్ వేసి చూడండి. నోటికి రానిది మౌస్‌కు రాదు.

4. ఇంటి శబ్దాలు పట్టండి

డ్రమ్ శాంపిళ్లు (ముందే రికార్డు చేసి ఉంచిన శబ్దాలు) వెతకడానికి పోయే సమయంలో పావు వంతు వంటింట్లో గడపండి. చేటలో బియ్యం చెరిగిన శబ్దం మంచి హైహ్యాట్. అప్పడం విరిస్తే స్నేర్ డ్రమ్ దెబ్బకు పైపొర. స్టీలు కంచం అంచు మీద గోటితో కొడితే గంట. గుండ్రాయిని మడిచిన దుప్పటి మీద పడేస్తే కిక్ కింద కలుపుకోవడానికి పనికొస్తుంది.

రికార్డు చేసేటప్పుడు ఫోను జానెడు దూరంలో ఉండాలి. ఫ్యాను ఆపండి, వీలైతే ఫ్రిజ్ కూడా కాసేపు ఆపండి, మళ్లీ వేయడం మరిచిపోవద్దు. లాప్‌టాప్‌కు మైకు తగిలించి రికార్డు చేస్తుంటే ఛార్జర్ వైరు తీసేయండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి, ఎర్తింగ్ సరిగా లేని ఇళ్లలో గుయ్‌మనే రొద ఆ స్థాయిలోనూ దాని రెట్టింపుల్లోనూ కూర్చుంటుంది, తర్వాత తీయడం కష్టం.

మేము ఒకసారి కుక్కర్ విజిల్ పట్టాం. ఫోను స్టవ్‌కు మరీ దగ్గర పెడితే శబ్దం పగిలిపోయింది, రెండో విజిల్‌కు వంటింటి గుమ్మం దాకా వెనక్కు వచ్చాం, మూడోది కుదిరింది. పప్పు ఎలాగూ ఉడకాలి కదా. దాన్ని మామూలుగా వాడితే నవ్వొస్తుంది. కానీ ఆ రెండు సెకన్ల విజిల్ వేగాన్ని నాలుగో వంతుకు తగ్గిస్తే స్థాయి రెండు అష్టకాలు (ఆక్టేవ్‌లు) కిందికి దిగి, నిడివి ఎనిమిది సెకన్లవుతుంది. పొగమంచులో ఎవరో వేణువు ఊదబోయి ఆగినట్టు ఉంటుంది. 120 వేగంలో ఎనిమిది సెకన్లంటే సరిగ్గా నాలుగు బార్లు (నాలుగు బీట్లు ఒక బార్). ఆ పాటలో మా ఇద్దరికీ నచ్చినది అదొక్కటే.

పొరపాటు ఎక్కడ జరుగుతుందంటే, శబ్దం ముందున్న నిశ్శబ్దాన్ని కత్తిరించరు. గ్రిడ్ మీద సరిగ్గా పెట్టినా దెబ్బ ఆలస్యంగా వినిపిస్తుంది. తరంగం లేచేచోటికి పెద్దది చేసి అక్కడే కోయండి. కోసినచోట టిక్‌మంటే రెండు మిల్లీసెకన్ల ఫేడ్ చాలు.

5. స్వరాలు: నల్ల మీటలు

మీకు సంగీతం రాదు, మీ జోడీకీ రాదు. అయితే నల్ల మీటలు మాత్రమే నొక్కండి. ఎఫ్ షార్ప్, మన లెక్కలో నాలుగున్నర శ్రుతి, షడ్జమం (స) అనుకుని పై షడ్జమం దాకా నల్ల మీటల మీదే నడిస్తే మోహన రాగం స్వరాలు. పక్కపక్క అర్ధస్వరాలు లేవు కాబట్టి ఏ మీటతో ఏ మీట కలిసినా పెద్దగా గీరుకోదు.

అవే ఐదు మీటలతో షడ్జమం మార్చి చూడండి. జీ షార్ప్ నుంచి మొదలైతే మధ్యమావతి. ఏ షార్ప్ నుంచి హిందోళం. సీ షార్ప్ నుంచి శుద్ధ సావేరి. డీ షార్ప్ నుంచి శుద్ధ ధన్యాసి. గ్రహభేదం అని సంగీతం క్లాసులో చెప్పేది ఇదే.

అయితే షడ్జమం ఏదో చెవికి తెలియాలి, లేకపోతే అన్నీ మోహనంలాగే వినిపిస్తాయి. అందుకు తంబుర పొర ఒకటి వేయండి: సింథ్‌లో సాటూత్ (రంపపు పళ్ల ఆకారం) తరంగం, ఫిల్టర్ బాగా మూసి, అంటే పై శబ్దాలను తగ్గించి, షడ్జమ పంచమాలు (స, ప) పట్టి ఉంచండి. హిందోళానికి పంచమం లేదు, అక్కడ మధ్యమం (మ) పట్టాలి. ఆ పొర శబ్దం తక్కువగా ఉండాలి. ఆపితే లోటు తెలియాలి, ఉన్నప్పుడు ఉన్నట్టు తెలియకూడదు.

సంగీతం నేర్చినవారు ఇక్కడ నన్ను తిట్టుకుంటారు, స్వరాలు నొక్కితే రాగమవుతుందా, గమకం ఏదీ అని. నిజమే. పిచ్ బెండ్ (స్వరాన్ని పైకీ కిందికీ జార్చేది) పరిధిని రెండు అర్ధస్వరాలకు పెట్టి, పొడుగు నోట్ల మొదట్లో కింది నుంచి జారి ఎక్కండి. రాగం రాదు గానీ మీటల బిరుసుదనం కొంత పోతుంది.

ఒకరు పాడేట్టయితే ముందు వారి శ్రుతి తెలుసుకుని, నోట్లన్నీ ఎంచుకుని ఒకేసారి జరపండి. గొంతును కీబోర్డుకు కట్టవద్దు.

6. కిక్, బాసు తగువు

రెండూ కింది స్థాయిలోనే ఉంటాయి. నాలుగున్నర శ్రుతిలో బాసు షడ్జమం 46 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది, కిక్ కూడా ఆ చుట్టుపక్కలే. రెండూ ఒకేసారి మోగితే బురదలో నడిచినట్టు ఉంటుంది. తేలిక మార్గం: బాసు నోట్లను కిక్ పడని అర బీట్ల మీద పెట్టడం. రెండో మార్గం సైడ్‌చెయిన్: రీపర్‌లో కిక్ ట్రాకు నుంచి బాసు ట్రాకు 3, 4 ఛానళ్లకు సెండ్ ఇచ్చి, బాసు మీద రియాకాంప్ (రీపర్‌తో వచ్చే కంప్రెసర్, శబ్దం పెరిగినప్పుడు అణిచేది) వేసి, దాని డిటెక్టర్ ఇన్‌పుట్‌ను ఆక్సిలరీకి మార్చండి. కిక్ పడినప్పుడల్లా బాసు వంగి దారి ఇస్తుంది.

అంత కింది శబ్దం ఫోను స్పీకరులో వినిపించదు. బాసు మీద కొంచెం డిస్టార్షన్ కలిపితే పై స్థాయి అనుస్వరాలు (హార్మోనిక్స్) పుట్టి, ఫోనులోనూ బాసు ఉన్నట్టు తెలుస్తుంది.

7. ఎనిమిది బార్ల నుంచి మూడు నిమిషాలకు

సగం పాటలన్నీ చచ్చేది ఇక్కడే. లూపు (మళ్లీ మళ్లీ తిరిగే ముక్క) బాగుంది, తర్వాత ఏం చేయాలో తెలియదు, ఇంకో పొర కలుపుతారు, ఇంకొకటి, చివరికి అన్నీ కలిసి గోల.

కలపడం ఆపి చెరపడం మొదలుపెట్టండి. 120 వేగంలో నాలుగు బీట్ల బార్ రెండు సెకన్లు. మీ ఎనిమిది బార్ల లూపును, అన్ని పొరలతో సహా, పదకొండుసార్లు వరుసగా అతికించండి: 88 బార్లు, 2 నిమిషాల 56 సెకన్లు. పాట నిడివి వచ్చేసింది, ఇక తీసేయడమే పని. మొదటి రెండు గుంపుల్లో (ఎనిమిది బార్లు ఒక గుంపు) కిక్ తీసేయండి. మధ్యలో ఒక గుంపులో తంబుర, కుక్కర్ విజిల్ తప్ప అన్నీ తీసేయండి. చివరి గుంపులో ఒక్కొక్కటే రాల్చండి. మిశ్ర చాపు ఎంచుకున్నవారి లూపు నిడివి ఏడు బీట్ల గుణకంగా ఉండాలి, లేకపోతే అతుకు దగ్గర తాళం తెగుతుంది. ఏడు బార్ల లూపు పెట్టుకుంటే లెక్క సరిపోతుంది.

ఇప్పుడు చెవి పాత్రలో ఉన్నవారు కళ్లు మూసుకుని మొదటి నుంచి వినాలి. విసుగు పుట్టిన క్షణంలో చెయ్యి ఎత్తాలి, కారణం చెప్పనక్కరలేదు. మౌస్ పట్టుకున్నవారు అక్కడ ఒక గుర్తు పెట్టాలి, వాదించకూడదు. తర్వాత పాత్రలు మార్చి మళ్లీ. ఇద్దరి గుర్తులూ దగ్గరదగ్గరగా పడినచోట ఏదో ఒకటి మారాలి: ఒక పొర పోవాలి, లేదా ఒక బార్ పూర్తి నిశ్శబ్దం. ఈ ఒక్క పనికి నేను ఒక సాయంత్రం మొత్తం ఇస్తాను.

8. జోడీ వేరే ఊళ్లో ఉంటే

ఇంటర్నెట్ మీద ఒకేసారి కలిసి వాయించాలనుకోవద్దు, ఆలస్యం వల్ల కుదరదు. హైదరాబాద్‌లో రాత్రి 9 అంటే డల్లాస్‌లో వేసవిలో ఉదయం 10:30. అక్కడివారు పగలు చేసింది ఇక్కడ తెల్లారేసరికి ఫైలుగా ఉంటుంది, ఆ తేడాను వాడుకోండి.

మొదటిసారి నేను పెన్‌డ్రైవ్‌లో ప్రాజెక్టు ఫైలు ఒక్కటే పట్టుకెళ్లాను. తెరిస్తే అన్ని ట్రాకులూ ఉన్నాయి, ఒక్క శబ్దమూ లేదు. ప్రాజెక్టు ఫైలులో ఆడియో ఉండదు, ఎక్కడుందో చిరునామా మాత్రమే ఉంటుంది. రీపర్ సేవ్ యాజ్ పెట్టెలో, మీడియా మొత్తాన్ని ప్రాజెక్టు ఫోల్డరులోకి కాపీ చేయమనే గడి ఉంది. దానికి టిక్ పెట్టి, ఫోల్డరు మొత్తం పంపండి.

సాఫ్ట్‌వేర్లు వేరైతే స్టెమ్‌లు పంపాలి, అంటే ప్రతి ట్రాకూ విడి వేవ్ ఫైలుగా. అన్నీ మొదటి బార్ నుంచే మొదలవ్వాలి, ఆ వాయిద్యం రెండో నిమిషంలో వచ్చినా సరే. 48000, 24 బిట్ స్టీరియోలో నిమిషానికి 17 ఎంబీ పైచిలుకు, కాబట్టి మూడు నిమిషాల పాటకు ఎనిమిది స్టెమ్‌లు 415 ఎంబీ దాకా అవుతాయి. వాట్సాప్‌లో పంపితే ఆడియోగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి. ఫైలు పేరులోనే వేగం, శ్రుతి, వెర్షన్ సంఖ్య రాయండి. "ఫైనల్", "ఫైనల్ కొత్తది", "అసలు ఫైనల్" అనే పేర్లు నిషేధం.

తనిఖీ: అవతలివారు స్టెమ్‌లన్నీ ఖాళీ ప్రాజెక్టులో వేసి, మీరు పంపిన పూర్తి పాటతో పోల్చి వినాలి. తేడా ఉంటే ఏదో ఒక ట్రాకు మిగిలిపోయినట్టే.

9. శబ్ద స్థాయిలు, చెవి పరీక్షలు

బఫర్‌ను 1024కు పెంచండి, ఇక వాయించేది లేదు. ఫేడర్లన్నీ (ఒక్కో ట్రాకు శబ్దాన్ని పెంచి తగ్గించే జారుడు మీటలు) దించేసి కిక్ ఒక్కటి మైనస్ 10 డెసిబెళ్ల దగ్గర పలికేలా పెట్టి, మిగిలినవి దాని చుట్టూ ఒక్కొక్కటే పైకి తెండి. మొత్తం కలిసి మైనస్ 6 దాటకూడదు. దాటితే అన్నింటినీ కలిపి దించండి. ఏదో ఒకటి వినిపించడం లేదని దాన్ని పెంచే ముందు, దాన్ని కప్పేస్తున్నదాన్ని తగ్గించి చూడండి.

తర్వాత వరుసగా ఇవి చేయండి. పక్కవాళ్ల మాట వినిపించేంత తక్కువ శబ్దంలో వినండి: కిక్, ప్రధాన స్వరం రెండూ తెలియాలి. మోనోకు (రెండు చెవులకూ ఒకే శబ్దం) మార్చండి: ఏదైనా పొర మాయమైతే దాని స్టీరియో వెడల్పు తగ్గించాలి. ఫోను స్పీకరులో వినండి. పాట నడుస్తుండగా పక్క గదిలోకి వెళ్లి నిలబడండి, ఏది పొడుచుకొస్తుందో గోడ చెబుతుంది. తెలిసిన కారులోనో ఆటోలోనో ఒకసారి వేయించుకోండి. ఆటో డ్రైవరు మొహం చూడవద్దు, బాసు వినండి.

రాత్రి పదకొండు తర్వాత స్థాయిలు మార్చవద్దు. అలసిన చెవి ప్రతిదాన్నీ ఇంకొంచెం పెంచమంటుంది.

10. ఫైలు తీయండి

చివర్లో మాస్టర్ (అన్ని ట్రాకులూ కలిసే చోటు) మీద ఒక లిమిటర్ (శబ్దం ఒక హద్దు దాటకుండా ఆపేది), శిఖరం మైనస్ 1 డెసిబెల్‌కు మించకుండా. స్పాటిఫై మామూలు సెట్టింగుల్లో పాటలను మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి తెలిసే సగటు శబ్దానికి కొలమానం) దగ్గరకు సర్దుతుంది, కాబట్టి గట్టిగా వినిపించాలని పిండి పిండి నలిపినా అక్కడ తగ్గించేస్తారు, నలిగిన గుర్తులు మాత్రం మిగులుతాయి. ముందు 24 బిట్ వేవ్‌గా తీసి, దాని నుంచి ఎంపీ3 చేసుకోండి.

తీసిన ఫైలును సాఫ్ట్‌వేర్ బయట, మామూలు ప్లేయర్‌లో, ఇద్దరూ కలిసి మొదటి నుంచి చివరిదాకా వినండి. మొదటి కిక్ తల తెగిందా? మధ్యలో చిటపటలు ఉన్నాయా? చివర్లో కుక్కర్ విజిల్ ప్రతిధ్వని పూర్తిగా ఆరిందా, లేక గొంతు నొక్కినట్టు ఆగిందా? ఆగితే రెండర్ పరిధిని (ఫైలుగా తీసే నిడివిని) మరో నాలుగు బార్లు పెంచి మళ్లీ తీయండి.